ఆగస్టు మూడో శనివారం

శనివారం పండగ. మంగళవారానికే కుర్చీలు వచ్చేస్తాయి. డెట్రాయిట్‌కు ఉత్తరాన వుడ్‌వర్డ్ ఎవెన్యూ పక్కన, కాలిబాటకూ రోడ్డుకూ మధ్యనున్న గడ్డి మీద మడత కుర్చీలు వరసగా వెలుస్తాయి. సాయంత్రమయ్యేసరికి వాటిలో తాతలు, నాన్నలు, మనవలు వచ్చి కూర్చుంటారు. ఎదురుగా మామూలు ట్రాఫిక్. అందులో అక్కడక్కడ ఓ 1957 షెవర్లే బెల్ ఎయిర్, ఓ 1965 మస్టాంగ్, రెక్కలు చాచిన 1959 కాడిలాక్. బుధవారానికి వాటి సంఖ్య పెరుగుతుంది. గురువారానికి మామూలు కార్లే తక్కువవుతాయి. శుక్రవారం సాయంత్రం ఫెర్న్‌డేల్‌లో పాత ఫైరింజన్లు, అంబులెన్సులు, పోలీసు కార్లు సైరన్లు మోగించుకుంటూ ఊరేగుతాయి. ఇక శనివారం తెల్లారిందంటే ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా 16 మైళ్ల రోడ్డు పాత కార్లతో నిండిపోతుంది.

దీని పేరు వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్. ఏటా ఆగస్టు మూడో శనివారం జరుగుతుంది. నిర్వాహకుల లెక్క ప్రకారం 40 వేల పాత కార్లు, 10 లక్షలకు పైగా జనం. టికెట్టు లేదు. కారు తెచ్చేవాళ్లు పేరు నమోదు చేసుకోవాల్సిన పనీ లేదు. గెలిచేదీ ఓడేదీ లేదు, ఎక్కడికో చేరాలనీ లేదు. ఆ చివరిదాకా మెల్లగా వెళ్లడం, మళ్లీ తిరిగి ఇటు రావడం, అంతే.

పాత కార్ల వేడుక అనగానే డబ్బున్నవాళ్ల సరదా అనుకుంటాం. అలాంటివీ ఉన్నాయి. అదే ఆగస్టులో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్‌లో లక్షల డాలర్ల కార్లు అద్దాల్లా మెరుస్తూ పచ్చిక మీద నిలబడతాయి. చూడ్డానికి వెళ్లాలంటే టికెట్టుకే వందల డాలర్లు. వుడ్‌వర్డ్ సంగతి వేరు. ఇక్కడ కారు కొన్నవాళ్లతో పాటు కారు చేసినవాళ్లూ ఉన్నారు. కుర్చీలో కూర్చున్న పెద్దాయన తలుపుల లైన్లో పనిచేసి రిటైరై ఉండొచ్చు. పక్కనున్న ఆవిడ సీట్లు కుట్టి ఉండొచ్చు. ఎదురుగా వెళుతున్న కారులో ఏదో ఒక భాగం తమ చేతుల మీదుగా పోయిందని చెప్పుకునే కుటుంబం ఈ చుట్టుపక్కల ఏ వీధిలోనైనా ఉంటుంది. తాము చేసిన వస్తువును యాభై అరవై ఏళ్ల తర్వాత, ఇంకా నడుస్తుండగా చూసుకునే భాగ్యం ఎంతమంది కార్మికులకు దక్కుతుంది? నాకు ఈ పండగ మీద ఇంత ప్రేమ అందుకే.

పిల్లల ఆటస్థలం కోసం మొదలై

1995లో ఫెర్న్‌డేల్‌లో పిల్లలకు సాకర్ ఆడుకునే స్థలం కావాల్సి వచ్చింది. దానికి డబ్బు కూడగట్టాలి. ఆ ఊరివాడైన నెల్సన్ హౌస్‌కు ఒక ఆలోచన వచ్చింది. తాము కుర్రవాళ్లుగా ఉన్నప్పుడు వుడ్‌వర్డ్ మీద కార్లేసుకుని తిరిగిన రోజుల్ని ఒక్కరోజు మళ్లీ చేసుకుందాం, నాలుగు డబ్బులు వస్తాయి అన్నాడు. ముప్పై నలభై వేల మంది వస్తారని అనుకున్నారు. రెండున్నర లక్షల మంది వచ్చారు. మరుసటేడు మళ్లీ చేశారు. ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. 2020లో కోవిడ్ ఒక్కటే ఆపగలిగింది.

ఊరి పిల్లల కోసం మొదలైన పని ఇంత పెద్దదవడానికి కారణం నెల్సన్ హౌస్ ఆలోచన ఒక్కటే కాదు, ఆ రోడ్డు కూడా.

1805లో డెట్రాయిట్ ఊరంతా కాలి బూడిదైంది. మళ్లీ ఊరికి నక్షా గీసినవాడు అగస్టస్ వుడ్‌వర్డ్ అనే న్యాయమూర్తి. ఆయన పేరు మోస్తున్న ఈ వీధి నది ఒడ్డున మొదలై వాయవ్యంగా పాంటియాక్ వైపు సాగుతుంది. అంతకుముందు అది స్థానిక తెగలవాళ్లు నడిచిన సాగినా బాట. 1909లో ఇదే రోడ్డు మీద, ఆరో మైలు రోడ్డుకూ ఏడో మైలు రోడ్డుకూ మధ్య ఒక మైలు పొడవున కాంక్రీటు పోశారు. అమెరికాలో కాంక్రీటు పరిచిన తొలి మైలు రహదారిగా దాన్ని చెబుతారు. 1913లో ఇదే రోడ్డు పక్కన హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో హెన్రీ ఫోర్డ్ కదిలే అసెంబ్లీ లైను పెట్టాడు. ఒక మోడల్ టీ ఛాసిస్ బిగించడానికి అంతకుముందు పన్నెండు గంటలకు పైగా పట్టేది. కొన్ని నెలల్లోనే అది 93 నిమిషాలకు దిగింది. మరుసటేడు రోజుకు 5 డాలర్ల కూలి ప్రకటించాడు. 1920లో విలియం పాట్స్ అనే పోలీసు అధికారి మూడు రంగుల, నాలుగు వైపులా కనిపించే ట్రాఫిక్ లైటు తయారుచేసి బిగించింది కూడా వుడ్‌వర్డ్ కూడలిలోనే.

ఇన్ని చరిత్రలున్నా, క్రూజింగ్‌కు అసలు కావాల్సింది రోడ్డు వాటం. డెట్రాయిట్ దాటాక వుడ్‌వర్డ్ రెండుగా చీలి ఉంటుంది. చాలాచోట్ల అటు నాలుగు వరసలు, ఇటు నాలుగు వరసలు, మధ్యలో వెడల్పాటి గడ్డి. ఆ గడ్డిని కోసుకుంటూ మధ్య మధ్య వెనక్కి తిరిగే దారులు. రోడ్డు దాదాపు బాణంలా ఉంటుంది. కూడలి కూడలికీ సిగ్నల్ లైటు. ఒక కుర్రాడు ఉత్తరాన ఒక డ్రైవ్-ఇన్ హోటల్లో బర్గర్ తిని, దక్షిణంగా వచ్చి, ఇంకో డ్రైవ్-ఇన్ ఆవరణలో చక్కరు కొట్టి, మళ్లీ ఉత్తరానికి తిరగవచ్చు. రాత్రంతా ఇలా ఎన్నిసార్లైనా. 1950లు, 60లలో ఉత్తరాన టెడ్స్, దక్షిణాన రాయల్ ఓక్‌లో టోటెమ్ పోల్, వీటి మధ్యే కుర్రకారు లోకమంతా. పెట్రోలు గాలను ముప్పై సెంట్ల చిల్లర. వారానికో రోజు పచారీ కొట్లో మూటలు మోసినా ట్యాంకు నిండేది.

లైటు దగ్గర ఇంజనీర్లు

ఇలాంటి వీధి అమెరికాలో ప్రతి ఊరికీ ఒకటి ఉండేది. వుడ్‌వర్డ్‌కు మాత్రమే ఉన్న ప్రత్యేకత ఇంజనీర్లు. జీఎం, ఫోర్డ్, క్రైస్లర్ కంపెనీల్లో పనిచేసేవాళ్లు చాలామంది రాయల్ ఓక్‌లో, బర్మింగ్‌హామ్‌లో కాపురం ఉండేవాళ్లు. పగలు ఇంజన్ బలం కొలిచే డైనమోమీటర్ మీద చూసుకున్న ఇంజన్‌ను రాత్రి వుడ్‌వర్డ్ మీదకు తెచ్చేవాళ్లు. లైటు ఎర్రగా ఉన్నప్పుడు పక్కన ఆగిన కారు వైపు చూడటం, పచ్చ పడగానే రెండూ దూకడం. అది చట్టవిరుద్ధం, ప్రమాదం కూడా. కానీ పక్క కారులో ఉన్నది పెట్రోలు బంకులో పనిచేసే పదిహేడేళ్ల కుర్రాడో, క్రైస్లర్ ప్రయోగశాల నుంచి వచ్చిన ఇంజనీరో తెలిసేది కాదు. ఎవరు ఓడినా పోటీ కంపెనీ ఏం చేస్తోందో తెల్లారేసరికి ఆఫీసుల్లో తెలిసిపోయేది.

ఈ వాతావరణంలోంచి పుట్టిన కారే పాంటియాక్ జీటీఓ. 1963 జనవరిలో జీఎం తన విభాగాలన్నీ రేసింగ్ నుంచి తప్పుకోవాలని ఆదేశించింది. ఆ విభాగాల్లో ఒకటైన పాంటియాక్ పేరు తెచ్చుకున్నదే రేసుల మీద. ఇప్పుడేం చేయాలి? అప్పటి చీఫ్ ఇంజనీరు జాన్ డిలోరియన్, ఆయన దగ్గరి ఇంజనీర్లు బిల్ కాలిన్స్, రస్ గీ ఒక విషయం గమనించారు. తమ మధ్యస్థాయి కారు టెంపెస్ట్‌లో ఉన్న ఇంజన్ దిమ్మకూ, పెద్ద కారులోని 389 క్యూబిక్ అంగుళాల ఇంజన్ దిమ్మకూ బయటి కొలత ఒకటే. అంటే చిన్న కారులోకి పెద్ద ఇంజన్ అవే బిగింపుల మీద దిగుతుంది. కంపెనీ నిబంధన ఒకటి అడ్డొచ్చింది: ఆ స్థాయి కార్లలో 330 క్యూబిక్ అంగుళాలు దాటకూడదు. ఆ నిబంధన కొత్త మోడళ్లకే గానీ, కొనేవాడు కోరి వేయించుకునే అదనపు సరంజామాకు వర్తించదు. కాబట్టి 1964లో జీటీఓను ఒక మోడల్‌గా కాక ఆప్షన్‌గా అమ్మారు. మూడు కార్బురేటర్లు పెట్టించుకుంటే 348 హార్స్‌పవర్. అయిదు వేలు అమ్ముడుపోతే గొప్ప అనుకున్నారు. తొలి ఏడాదే 32,450 అమ్ముడుపోయాయి.

దాన్ని జనంలోకి తీసుకెళ్లిన మనిషి పాంటియాక్ ప్రకటనల సంస్థలో పనిచేసిన జిమ్ వాంగర్స్. ఆయన రాయల్ ఓక్‌లోని రాయల్ పాంటియాక్ డీలర్‌తో కలిసి ఇంజన్లకు మెరుగులు దిద్దించి, ఆ కార్లను వుడ్‌వర్డ్ మీద తిప్పేవాడు. పత్రికలో పేజీ ప్రకటన కన్నా శుక్రవారం రాత్రి లైటు దగ్గర ఒక్క గెలుపు ఎక్కువ కార్లు అమ్ముతుందని ఆయనకు తెలుసు.

ఆ తరం కార్ల గొంతు గురించి రెండు మాటలు చెప్పాలి. అమెరికన్ వీ-8లో ఎనిమిది సిలిండర్లు సమాన వ్యవధిలోనే పేలుతాయి. అయితే అటు నాలుగు, ఇటు నాలుగుగా విడదీసి వింటే ఆ పేలుళ్ల వరస ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఒక్కో పక్క పొగ ఒక్కో గొట్టంలోంచి వస్తే ఆ ఎగుడుదిగుడు మన చెవికి అందుతుంది. కారు ఆగి ఉన్నా రొమ్ములో దడదడ అనిపించే ఆ గుడగుడ అక్కడిది. పదిహేనేళ్ల కుర్రాడి మనసు దోచుకోవడానికి అది చాలు. వుడ్‌వర్డ్ పక్కన నిలబడి విన్నాక, నా వయసులో నాకూ అది చాలనిపించింది.

తర్వాత అన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి. బీమా కంపెనీలు కుర్రవాళ్ల చేతిలోని పెద్ద ఇంజన్లకు ప్రీమియం విపరీతంగా పెంచాయి. 1970లో కాలుష్య చట్టం వచ్చింది. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. ఊళ్ల పోలీసులు ఊరికే తిరిగే కార్లకు చలానాలు రాయడం మొదలుపెట్టారు. డ్రైవ్-ఇన్‌లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1995లో కుర్చీలు వేసుకుని కూర్చున్న జనం, ఒకప్పుడు పోలీసులు తరిమిన కుర్రవాళ్లే. ఈసారి పోలీసులే దగ్గరుండి దారి చూపారు.

ఎనిమిదో మైలుకు ఇవతల

ఇంతవరకూ చెప్పింది సగం కథే. పండగ ఫెర్న్‌డేల్‌లో మొదలవుతుంది. ఫెర్న్‌డేల్ ఎనిమిదో మైలు రోడ్డుకు ఉత్తరాన ఉంది. ఆ రోడ్డు డెట్రాయిట్ నగరానికీ శివారు పట్టణాలకూ సరిహద్దు. దశాబ్దాలపాటు నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ కూడా అదే సరిహద్దు. క్రూజింగ్ స్వర్ణయుగం అని పాటలు పెట్టుకుని తలచుకునే ఆ ఏళ్లలో నల్లజాతి కార్మికుడు అదే కారు తయారుచేసేవాడు, కానీ ఆ కారు తిరిగే శివారులో ఇల్లు కొనుక్కోలేకపోయేవాడు.

1963 జూన్ 23న ఇదే వుడ్‌వర్డ్ మీద, నగరం లోపలి భాగంలో, లక్షా పాతిక వేల మంది నడిచారు. ముందు వరసలో మార్టిన్ లూథర్ కింగ్. నడక ఏర్పాటుచేసిన పెద్దల్లో ఒకరు గాయని అరీతా ఫ్రాంక్లిన్ తండ్రి, పాస్టర్ సీ.ఎల్. ఫ్రాంక్లిన్. వాషింగ్టన్‌లో లోకమంతా విన్న 'కల' ప్రసంగానికి రెండు నెలల ముందు, ఆ కలను కింగ్ ఆ సాయంత్రం డెట్రాయిట్ కోబో హాలులో వినిపించారు. పాంటియాక్ ఇంజనీర్లు జీటీఓకు తుది మెరుగులు దిద్దుతున్న వేసవి కూడా అదే. 1967 జులైలో నగరం అల్లర్లతో మండింది, 43 మంది చనిపోయారు. 1950లో 18 లక్షలు దాటిన డెట్రాయిట్ జనాభా 2020కి ఆరు లక్షల నలభై వేల లోపుకు దిగింది.

ఆసియా నుంచి వచ్చినవాళ్లం మరిచిపోకూడని సంగతి ఇంకొకటి ఉంది. 1982లో జపాన్ కార్ల పోటీకి డెట్రాయిట్ ఉద్యోగాలు రాలిపోతున్న రోజుల్లో విన్సెంట్ చిన్ అనే 27 ఏళ్ల చైనీస్ అమెరికన్‌ను ఇద్దరు తెల్లవాళ్లు బేస్‌బాల్ బ్యాటుతో కొట్టారు. కొట్టినవాడు క్రైస్లర్‌లో సూపర్‌వైజరు, వెంట ఉన్నవాడు అతని సవతి కొడుకు. అది జరిగింది హైలాండ్ పార్క్‌లో, వుడ్‌వర్డ్ పక్కనే. ఫోర్డ్ అసెంబ్లీ లైను పుట్టిన ఊళ్లోనే. కొద్దిరోజులకే చిన్ ఆస్పత్రిలో చనిపోయాడు. ఆ రోజు జూన్ 23. దోషులకు పడింది ప్రొబేషన్, మూడు వేల డాలర్ల జరిమానా. ఒక్కరోజు జైలు లేదు. ఆసియా అమెరికన్లు తొలిసారి ఒక్క గొంతుగా వీధిలోకొచ్చింది ఆ తీర్పు మీదే. ఇవాళ ఇక్కడ నిశ్చింతగా టయోటాలు నడుపుకుంటున్న మనం ఆ నిశ్చింతకు చిన్‌కూ అతని తల్లికీ రుణపడి ఉన్నాం. ఆ తల్లి లిలీ చిన్ దేశమంతా తిరిగి న్యాయం అడిగింది.

పండగకు వెళ్లేవాళ్లు వీలైతే ఎనిమిదో మైలు దాటి కొంచెం దక్షిణంగా, వుడ్‌లాన్ శ్మశానవాటిక దాకా కూడా వెళ్లాలని నా కోరిక. అదీ వుడ్‌వర్డ్ మీదే. కార్లకు తమ పేరు పెట్టిన డాడ్జ్ సోదరులు, హెన్రీ ఫోర్డ్ కొడుకు ఎడ్సెల్, బస్సులో సీటు వదలనన్న రోసా పార్క్స్, అరీతా ఫ్రాంక్లిన్ అందరూ అక్కడే ఉన్నారు. 2018లో అరీతా అంత్యక్రియలకు ఏడో మైలు రోడ్డులోని చర్చి ముందు గులాబీ రంగు కాడిలాక్‌లు వందకు పైగా వచ్చి బారులు తీరాయి. ఆవిడ పాటలో గులాబీ కాడిలాక్ ఉంది కనుక. పాత కార్ల మీద ప్రేమ ఎనిమిదో మైలుకు అటూ ఇటూ ఒకటే.

ఫార్గో ఇంజన్

డెట్రాయిట్ తెలుగువాళ్లకు కొత్త ఊరు కాదు. వారెన్‌లోని జీఎం టెక్ సెంటర్లో, డియర్‌బోర్న్‌లో ఫోర్డ్ దగ్గర, ఆబర్న్ హిల్స్‌లో క్రైస్లర్ దగ్గర మన ఇంజనీర్లు దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. ట్రాయ్, నోవై, ఫార్మింగ్‌టన్ హిల్స్ వీధుల్లో సంక్రాంతి ముగ్గులు కనిపిస్తాయి. 2025 జులైలో తానా మహాసభలు జరిగింది నోవైలోనే. క్రూజ్ వచ్చే రోజులు మనకు శ్రావణమాసం. 2024లో ఆగస్టు 16 శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, మరునాడు శనివారం క్రూజ్. వాయనాలు పుచ్చుకున్న రాత్రి గడిచి, శనగల పొట్లాలతోనే వుడ్‌వర్డ్ గట్టున కూర్చున్న కుటుంబాలు ఉన్నాయి.

ఓ ఏడు మిత్రుడొకరు మామగారిని వెంటబెట్టుకొచ్చారు. ఆయన 1960ల్లో కుర్రాడిగా బెజవాడ లారీ షెడ్డులో పని నేర్చుకుని, ఆ తర్వాత ఆటోనగర్‌లోనే జీవితం గడిపినవారు. మస్టాంగులూ కార్వెట్లూ పోతుంటే మర్యాదకు చూస్తున్నారు గానీ ఆయన మనసు వాటి మీద లేదు. గట్టున ఆపి ఉన్న 1950ల నాటి డాడ్జ్ ట్రక్కు కనబడగానే లేచి నిలబడ్డారు.

"బాబూ, ఆ బానెట్ ఒక్కసారి ఎత్తమని అడుగుతారా?"

"అలాగే మామయ్యగారూ."

లోపల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్. ఆయన తొంగిచూసి, "ఇది మా ఫార్గోనే" అన్నారు. అందులో వింత లేదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ క్రైస్లర్ లైసెన్సు మీద డాడ్జ్, ప్లిమత్ కార్లూ ఫార్గో లారీలూ బిగించేది. డెట్రాయిట్ డ్రాయింగులు కృష్ణా జిల్లా ధాన్యం మోశాయి. "ఈ ఇంజన్‌తో లారీకి గిట్టుబాటు ఎక్కడిది బాబూ? దీన్ని దించేసి పెర్కిన్స్ డీజిల్ ఎక్కించేవాళ్లం. అలా ఎన్ని మార్చామో" అన్నారు. అల్లుడు ఆ మాట ఇంగ్లిషులో చెప్పగానే ట్రక్కు యజమాని నమ్మలేదు. మరి పాత గేర్‌బాక్సుకు కొత్త ఇంజన్ ఎలా కలిపారు, బోల్టు రంధ్రాలు కలవవు కదా అన్నాడు. పెద్దాయన కాగితం ప్లేటు తిరగేసి, రెంటికీ మధ్య వేసే ఉక్కు పలక బొమ్మ గీశారు. రంధ్రాలు ఎక్కడ వేయాలో, లేత్ మీద ఎంత కోయాలో చుక్కలు పెట్టి చూపించారు. చాలాసేపు వాళ్లిద్దరూ ఆ బానెట్ కిందే ఉండిపోయారు. అల్లుడు ఫోర్డ్‌లో కంప్యూటర్ మీద ప్రమాద పరీక్షలు చేసే ఇంజనీరు. ఆ బొమ్మలో సగం తనకు అర్థం కాలేదని తర్వాత నాతో గర్వంగా చెప్పారు.

ఎండ ముదిరాక ఇలాంటి బానెట్లు ఇంకా చాలా లేస్తాయి. పాత కార్లలో రేడియేటర్ ఫ్యాను ఇంజన్ బెల్టుతో తిరుగుతుంది. కారు నత్తనడక నడిస్తే ఫ్యానూ నెమ్మదిస్తుంది, ఎదురుగాలీ ఉండదు, నీళ్లు మరుగుతాయి. మధ్యలోని గడ్డి మీద ఆవిరి కక్కుతూ ఆగిన కారు చుట్టూ ముక్కూముఖం తెలియని నలుగురు చేరి, ఒకరు నీళ్లూ ఒకరు పానా అందిస్తుంటారు. క్రూజ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం అదే.

ఇకముందు?

1965లో పదిహేడేళ్ల కుర్రాళ్లు ఇప్పుడు డెబ్బై అయిదు దాటారు. పాంటియాక్ కారు పేరునే జీఎం 2010లో మూసేసింది. పాంటియాక్ ఊళ్లో జీఎం ఫ్యాక్టరీ కూల్చిన నేల మీద ఇప్పుడు ఎం-1 కాన్‌కోర్స్ అనే ప్రైవేటు రేసు ట్రాకు, కార్లు దాచుకునే గ్యారేజీలు ఉన్నాయి. 2022 ఆగస్టులో, క్రూజ్ వారంలోనే, డాడ్జ్ తన తొలి ఎలక్ట్రిక్ చార్జర్ నమూనాను అక్కడే చూపించింది. నిశ్శబ్దంగా ఉంటే ఎవరూ ఒప్పుకోరని దానికి కృత్రిమంగా ఒక గర్జన తయారుచేసి పెట్టారు. నాకది నచ్చలేదు. వీ-8 గొంతు ఎవరో కూర్చుని కల్పించింది కాదు, ఆ యంత్రం పనిచేసే తీరులోంచి పుట్టింది. ఎలక్ట్రిక్ కారుకు దాని సొంత గొంతు ఏదో ఉంటుంది, ముందు అది విననివ్వాలి.

పండగ మాత్రం ఆగదని నా నమ్మకం. దానికి ఆధారం మిషిగన్ చట్టంలోనే ఉంది. ఇరవై అయిదేళ్లు దాటిన కారుకు ఇక్కడ 'హిస్టారిక్' నంబరు పలక తీసుకోవచ్చు. ఆ పలకతో రోజూ ఆఫీసుకు తిరగడానికి ఒప్పుకోరు, ప్రదర్శనలూ ఊరేగింపులూ లాంటి వాటికే. అయినా ఆగస్టు నెలను ప్రత్యేకంగా పేర్కొని, ఆ నెలంతా తిప్పుకోవచ్చని చట్టంలోనే రాశారు. అది ఎవరి కోసమో డెట్రాయిట్‌లో ఎవరినీ అడగక్కర్లేదు.

ఆ ఇరవై అయిదేళ్ల గీత ఏటా ఒక ఏడు ముందుకు జరుగుతుంటుంది. ఇప్పుడది 2000 సంవత్సరం దాకా వచ్చింది. వై2కె రోజుల్లో రెండు సూట్‌కేసులతో దిగిన మన పిల్లలు అప్పు చేసి కొన్న టయోటా కామ్రీలు, హోండా సివిక్‌లు ఇప్పుడు చట్టం దృష్టిలో చారిత్రక వాహనాలు. డ్రైవింగ్ నేర్చుకున్నదీ, అమ్మానాన్నల్ని మొదటిసారి విమానాశ్రయం నుంచి తెచ్చుకున్నదీ, పురిటికి ఆస్పత్రికి వెళ్లిందీ ఆ కార్లలోనే. చాలామంది అమ్మేశారు. అమ్మబుద్ధి కాక గ్యారేజీలో ఓ మూలన ఉంచుకున్నవాళ్లు కూడా కొందరున్నారు, నాకు తెలుసు. వాళ్లకు చెప్పేదొకటే. బ్యాటరీ మార్చండి, ఆయిల్ మార్చండి, టైర్లు చూసుకోండి. శనివారం రద్దీ భరించలేమనుకుంటే గురువారం సాయంత్రం రండి. తొమ్మిదో మైలు దగ్గర ఎక్కి ఉత్తరానికి పోనివ్వండి. జపాన్ కారు వుడ్‌వర్డ్ మీదకు ఎందుకొచ్చిందని గట్టు మీది పెద్దవాళ్లలో ఎవరైనా అడగొచ్చు. కారు పక్కకు తీసి ఆపి, ఆ కథంతా చెప్పండి. వాళ్లు వింటారు.